పాత కుర్చీకి కొత్త గుడ్డ, కొత్త రంగు: మీ ప్రశ్నలకు జవాబులు

అటక మీదా వసారా మూలా పడివున్న కుషన్ కుర్చీల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఏ రంగు వేయాలి, ఏ గుడ్డ కొనాలి అనే అడిగారు ఎక్కువమంది. మేం ముందు చూడమనేది వేరు: కుర్చీ ఊగుతోందా? సీటు అడుగున నవారు గట్టిగా ఉందా? చేతులు ఆనే చోట, తల ఆనే చోట నూనె పట్టిందా? ఈ మూడూ తేలకుండా గుడ్డల కొట్టుకు వెళ్లడం తొందరపాటే.

మా డైనింగ్ కుర్చీలు ఆరు. 18 అంగుళాల చదరపు సీట్లు. ప్లైవుడ్ పలక మీద స్పాంజి వేసి గుడ్డ బిగించి ఉంది. స్పాంజి అణిగిపోయి కూర్చుంటే పలక తగులుతోంది. కట్టెకు తెల్ల రంగు కూడా వేయాలనుంది. ఎంత సరుకు కావాలి, ఎలా చేసుకోవాలి? – గుంటూరు నుంచి ఒక గృహిణి

మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకన్నా అనువైన కుర్చీ లేదు. కుర్చీని దుప్పటి మీద తలకిందులుగా పెట్టి, అడుగున ఉన్న నాలుగు స్క్రూలు విప్పితే సీటు చేతికొస్తుంది. విప్పిన వెంటనే సీటు అడుగునా కుర్చీ చట్రం లోపలా ఒకే నంబరు వేయండి. బెజ్జాలు చేత్తో వేసినవి కాబట్టి ఒకదాని సీటు ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు. ఆరూ ఒకేసారి విప్పి కుప్ప పోస్తే తరవాత సగం పూట జతలు వెతుక్కోవడానికే పోతుంది.

పాత పిన్నులు (స్టేప్లర్ గన్‌తో కొట్టినవి) పీకడానికి సన్నని స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయర్ చాలు. పాత గుడ్డ పారేయకండి, కొత్తదానికి అదే కొలత. పలకను వేలితో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే ప్లైవుడ్ పొరలు విడిపోయినట్టే, 12 మి.మీ. కొత్త పలక కోయించండి. పాతది బాగుంటే దానికి అర అంగుళం బెజ్జాలు ఆరేడు వేయించండి. మనిషి కూర్చున్నప్పుడు స్పాంజిలోని గాలి బయటికి పోవడానికి దారి కావాలి. అది లేకపోతే గాలి కుట్ల మీద పడుతుంది. రెగ్జిన్ అయితే సీటు బూరెలా ఉబ్బుతుంది.

స్పాంజి 2 అంగుళాల మందం, 40 డెన్సిటీ అడగండి. డెన్సిటీ అంటే ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె. గట్టిదనానికీ దానికీ సంబంధం లేదు. కొట్లో వేలితో నొక్కి ‘గట్టిగానే ఉందిగా’ అంటారు కానీ, తక్కువ డెన్సిటీది కూడా కొత్తలో గట్టిగా ఉండొచ్చు. త్వరగా అణిగేది అదే. తేల్చుకోవడానికి వంటింటి కాటా ఉంది: 18 × 18 × 2 అంగుళాల ముక్క 40 డెన్సిటీదైతే దాదాపు 425 గ్రాములు, 32 డెన్సిటీదైతే 340 గ్రాములు తూగాలి. 250 గ్రాముల దగ్గర ఆగితే తిరిగి ఇచ్చేయండి.

ముక్కను పలక కన్నా చుట్టూ పావు అంగుళం పెద్దదిగా కోయించి, రబ్బరు జిగురుతో పలకకు అంటించండి. దాని మీద ఒక పొర రెక్రాన్ (పాలియెస్టర్) దూది పరవండి. ఇది లేకపోతే స్పాంజి అంచు గుడ్డ మీద గీతలా కనిపిస్తుంది. పైగా స్పాంజి గుడ్డను పట్టుకుని లాగుతూ ఉంటుంది.

ఇక గుడ్డ లెక్క. 18 అంగుళాల సీటు, రెండు పక్కలా స్పాంజి మందం 4, పలక మందం 1, అడుక్కి మడవడానికి 3 కలిపితే ఒక్కో ముక్క 26 అంగుళాల చదరం. కుషన్ గుడ్డ పన్నా 54 అంగుళాలు కాబట్టి పన్నాలో రెండు ముక్కలు వస్తాయి. ఆరు సీట్లకు మూడు వరసలు, 78 అంగుళాలు. అంటే రెండు మీటర్లకు బొటాబొటిగా సరిపోతుంది. కొట్లో వంకరగా చింపి ఇవ్వడం మామూలే కనక రెండున్నర మీటర్లు తీసుకోండి. పెద్ద పువ్వు ప్రతి సీటు నడుమనా పడాలంటే ఈ లెక్క పనికిరాదు. పువ్వుకూ పువ్వుకూ 12 అంగుళాల ఎడం ఉంటే ఒక్కో వరసకు 36 అంగుళాలు పోతాయి. పన్నాలో రెండు పువ్వులు సరైన చోట పడతాయో లేదో కూడా కొట్లోనే పరిచి చూసుకోవాలి.

బిగించేటప్పుడు గుడ్డను బోర్లా పరిచి, మీద దూది, స్పాంజి, పలక వచ్చేలా పెట్టండి. ముందు వైపు నడుమ ఒక పిన్ను, ఎదురుగా వెనక వైపు ఒకటి, తరవాత కుడి, ఎడమ. ఒకసారి తిప్పి నేత దారాలు సీటు అంచుకు సూటిగా ఉన్నాయో లేదో చూడండి. ఇప్పుడైతే నాలుగు పిన్నులు తీస్తే చాలు, తరవాతైతే అరవై తీయాలి. నడుమ నుంచి మూలల వైపు, అంగుళానికొక పిన్ను చొప్పున కొట్టుకుంటూ పోయి, మూలకు రెండున్నర అంగుళాల ముందు నాలుగు వైపులా ఆగండి. మూలలు ఆఖరున. మూల గుడ్డను ముందు ఐమూలగా లాగి ఒక పిన్ను కొట్టి, మిగిలినదాన్ని రెండు పక్కలా మడతలు పెట్టాలి. మందం ఎక్కువైతే లోపలి గుడ్డ కత్తిరించండి, కానీ పలక అంచు దాటి కత్తెర రాకూడదు. అంచు అలలు అలలుగా వస్తే పిన్ను పిన్నుకూ విడివిడిగా బలంగా లాగారని అర్థం. అరచేత్తో పైనుంచి నిమురుతూ గుడ్డ మొత్తాన్ని సమంగా తెచ్చి, అప్పుడు పిన్ను కొట్టండి.

చాలామంది ఆఖరి నిమిషంలో చేసే పొరపాటొకటి ఉంది. సీటు తిరిగి బిగిస్తుంటే స్క్రూ గుడ్డ దారాన్ని చుట్టుకుని లాగేస్తుంది, సీటు మీద అడ్డంగా గీత పడుతుంది. అది ఇక పోదు. స్క్రూ బెజ్జాల దగ్గర గుడ్డను ముందే గుండ్రంగా కత్తిరించి పెట్టుకోండి.

రంగు మాత్రం సీట్లు బయట ఉన్నప్పుడే వేసేయాలి. ఇలాంటి కుర్చీ కట్టెకు ఒక్కో పూతకు సుమారు 100 మి.లీ. పడుతుంది. ఆరింటికి ప్రైమర్ ఒక పూత, రంగు రెండు పూతలు. ప్రైమర్ ఒక లీటరు, రంగు లీటరున్నర తీసుకుంటే ఇబ్బంది లేదు. ముందు 120 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, పొడి తుడిచి, ప్రైమర్ వేయండి. ఆరాక సొట్టలకు లప్పం పెట్టి 220తో, మొదటి రంగు పూత తరవాత 320తో పైపైన రుద్దాలి. తెలుపే కావాలంటే నీటితో పలచన చేసే ఎనామెల్ తీసుకోండి. టర్పెంటైన్‌తో కలిపే మామూలు తెల్ల ఎనామెల్ వెలుతురు తక్కువ గదిలో పసుపు తిరుగుతుంది. బల్ల కిందికి తోసి ఉంచే కుర్చీల కాళ్లు ముందు పచ్చబడటానికి కారణం అదే. రంగు చేతికి అంటకపోయినా వారం దాకా కూర్చోకండి. పైన ఆరినట్టున్నా లోపల మెత్తగానే ఉంటుంది, సీటు అంచు దానికి అతుక్కుని పెచ్చు లేచి వస్తుంది.

తాతగారి నాటి టేకు కుర్చీకి ఎనామెల్ వేశాం. నాలుగు రోజులైనా జిగటగానే ఉంది. డబ్బా పాతదా? – రాజమహేంద్రవరం

డబ్బా తప్పు కాకపోవచ్చు. టేకులో సహజంగా ఉండే నూనె పదార్థాలు ఎనామెల్‌ను గట్టిపడనివ్వవు. ఎనామెల్ ఆరడమంటే టర్పెంటైన్ ఎగిరిపోవడం ఒక్కటే కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి. టేకు చేవలోని పదార్థాలు దానికి అడ్డుపడతాయి. దీనికి తోడు మన ఇళ్ల పాత కుర్చీలకు ఇంకో నూనె ఉంటుంది, తలనూనె. వీపు పైభాగాన, చేతుల చివరన ఏళ్ల తరబడి పట్టి ఉంటుంది. అక్కడ రంగు ఆరకపోవడమే కాదు, చేప కళ్లలా గుండ్రంగా విడిపోతుంది.

ఇప్పుడు చేయాల్సింది: జిగట రంగును రేకుతో గీకి, థిన్నర్ తడిపిన గుడ్డతో పూర్తిగా తుడవండి. మురికి గుడ్డను తిరగేసి తిరగేసి వాడితే నూనె మళ్లీ కట్టెకే పడుతుంది, కాబట్టి గుడ్డలు మారుస్తూ ఉండండి. 120తో రుద్ది, రంగు వేయబోయే ముందు మరోసారి థిన్నర్‌తో తుడవండి. నిన్న తుడిచి ఇవాళ వేస్తే లాభం లేదు, నూనె మళ్లీ పైకి వస్తుంది. తరవాత లక్క పూత ఒకటి వేయాలి. లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల లక్క రేకులు వేసి, రాత్రంతా కరగనిచ్చి, కదపకుండా ఉంచితే మైనం అడుగున పేరుతుంది. పైతేట మాత్రం వంచుకోండి. ఆ మైనం ఉంటే పై రంగు పట్టదు. ఈ లక్క పొర కింది నూనెనూ, పాత పాలిష్‌లోని ఎర్రటి రంగునూ పైకి రానివ్వదు. తెల్ల రంగులోంచి గులాబీ మచ్చలు బయటపడుతున్నాయని రాసిన నెల్లూరు పాఠకుడికి కూడా ఇదే జవాబు.

ఒక మాట అడగక తప్పడం లేదు. చేవగల టేకుకు రంగెందుకు? రంగు రబ్బరు చెక్కకూ, అతుకులతో చేసిన జంగిల్ వుడ్‌కూ అందం. ఎలాగూ గీకాల్సి వచ్చింది కాబట్టి, కట్టె బాగుంటే అదే లక్కతో ఫ్రెంచ్ పాలిష్ పెట్టించండి. పాలిష్ మీద వేడి గ్లాసు పెడితే తెల్ల మచ్చ పడుతుంది, నిజమే. కానీ దాన్ని స్పిరిట్ గుడ్డతో సరిచేయొచ్చు. ఎనామెల్ పెచ్చు లేస్తే అలా సరిచేయడం కుదరదు.

కుర్చీ మీద ఇప్పుడున్నది వార్నిషో, పాలిషో తెలుసుకోవడం ఎలా? – కర్నూలు

కనిపించని చోట, సీటు కింద, స్పిరిట్ తడిపిన దూదిని అర నిమిషం ఆనించండి. జిగటగా మెత్తబడితే లక్క పాలిష్. స్పిరిట్‌కు చలించక థిన్నర్‌కు కరిగితే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్. రెండింటికీ లొంగకపోతే మెలమైన్ లేదా పీయూ (పాలీయురేథేన్). దాన్ని పూర్తిగా తీయడం వృథా శ్రమ, గట్టిగా అంటుకుని ఉంటే మెరుపు పోయేలా రుద్ది దాని మీదే ప్రైమర్ వేసుకోవచ్చు.

పాత రంగు ఉంటే పొడిగా రుద్దకండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1 నుంచి. అంతకు ముందరి డబ్బా రంగుల్లో, అందులోనూ పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. నీళ్లు చల్లుతూ, నీటికి ఆగే గరుకు కాగితంతో రుద్దండి. మాస్కు పెట్టుకోండి. పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచండి. ఆ బురదను ఊడ్వకుండా తడిగుడ్డతో ఎత్తి సంచిలో మూటకట్టి పారేయండి.

కాళ్లు ఊగుతున్నాయి. రెండు మేకులు కొట్టిస్తే చాలదా? – ఒంగోలు

చాలదు. మేకు దిగిన చోట కట్టె చీలుతుంది, ఊగడం ఆరు నెలల్లో మళ్లీ మొదలవుతుంది, ఈసారి జిగురు పట్టడానికి కట్టె కూడా మిగలదు. ఊగే అతుకును రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి పూర్తిగా విప్పండి. పాత జిగురు మీద కొత్త జిగురు నిలవదు. రేకుతో గీకి కట్టె కనిపించాలి. బాగా పాత కుర్చీల్లో బెల్లం రంగులో గాజులా పగిలే జిగురుంటే అది వజ్రం (పశువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు), వేడినీళ్ల గుడ్డ వేస్తే మెత్తబడుతుంది. అతుకు వదులైతే పలచని చెక్క రేకు జిగురుతో అంటించి మందం పెంచండి. తెల్ల జిగురు రెండు వైపులా పూసి, దూర్చి, కుర్చీ చుట్టూ తాడు కట్టి, తాట్లో కర్ర దూర్చి మెలిపెడితే క్లాంపు పని చేస్తుంది. బయటికి వచ్చిన జిగురు అప్పుడే తడిగుడ్డతో తుడవండి, అది ఆరిన చోట పాలిష్ పట్టదు. మెలిపెట్టిన వెంటనే నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనాయో లేదో చూసి, 24 గంటలు కదపకండి.

స్ప్రింగులున్న చేతుల కుర్చీ ఒకటుంది. మొత్తం గుడ్డ మార్చాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. – హైదరాబాద్

బిగించిన వాళ్లు ఆఖరున కొట్టింది మీరు ముందు తీయాలి. అడుగున నల్ల గుడ్డ, తరవాత వెనక వీపు, చేతుల బయటి వైపులు, లోపలి వీపు, చేతుల లోపలి వైపులు, ఆఖరున సీటు. బిగించేటప్పుడు దీనికి సరిగ్గా తిరగేసి. ప్రతి ముక్క మీదా పేరూ, పైకి ఏది అన్న బాణం గుర్తూ సుద్దతో వేయండి. అడుగడుగునా ఫోన్‌లో ఫొటో తీసుకోండి, మూల మడతలు ఎటు తిప్పారో రెండు వారాల తరవాత ఎవరికీ గుర్తుండదు. తీసిన ముక్కలన్నీ నేల మీద 54 అంగుళాల పన్నా గీసుకుని అందులో సర్దితే ఎన్ని మీటర్లో తేలుతుంది. మామూలు సైజు కుర్చీకి నాలుగు నుంచి అయిదు మీటర్లు పడుతుంది. మఖమల్ అయితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే నూగు అన్ని ముక్కల్లోనూ ఒకే వైపుకు, వీపు మీద కిందికీ సీటు మీద ముందుకూ, వాలాలి. ఒక్క ముక్క తిరగబడితే వేరే రంగు గుడ్డ వేసినట్టు కనిపిస్తుంది.

గుడ్డ తీశాక కనిపించేదే అసలు కుర్చీ. స్ప్రింగులు దాదాపుగా ఎప్పుడూ బాగానే ఉంటాయి, తెగేది వాటిని కట్టిన పురికొస, సాగేది కింది నవారు. మంచానికి వాడే నూలు నవారు ఇక్కడ పనికిరాదు, త్వరగా సాగుతుంది. గట్టి జనపనార నవారు 2 అంగుళాల వెడల్పుది తీసుకోండి. 20 అంగుళాల సీటుకు అటు ఆరు, ఇటు ఆరు పట్టీలు, మడతలతో కలిపి 8 మీటర్లు. చట్రం అడుగు వైపున ఒక కొసను అంగుళం మడిచి అయిదు చిన్న మేకులు కొట్టి, రెండో కొసను చెక్కముక్కకు చుట్టి లాగి, మేకులు కొట్టాకే కత్తిరించండి. చాప అల్లినట్టు ఒకటి పైనా ఒకటి కిందా దూర్చాలి. వేలితో కొడితే డప్పులా మోగితే బిగువు సరిపోయినట్టు.

స్ప్రింగులను నవారు కలిసే చోట్ల నిలబెట్టి, ఒక్కోదాన్ని నాలుగు చోట్ల పురికొసతో కుట్టండి. పైన కట్టడమే నేర్పు. ముందు నుంచి వెనక్కి, పక్క నుంచి పక్కకు, రెండు ఐమూలలు, అంటే ఒక్కో స్ప్రింగుకు ఎనిమిది వైపుల నుంచి తాడు రావాలి. ప్రతి స్ప్రింగు తీగ మీదా ముడి పడాలి, ఊరికే చుట్టేస్తే ఒక చోట తెగినప్పుడు వరసంతా వదులవుతుంది. 6 అంగుళాల స్ప్రింగు కట్టాక నాలుగున్నర దగ్గర నిలవాలి. ఎక్కువ తొక్కిపెడితే సీటు బండలా ఉంటుంది, తక్కువైతే కూర్చున్నప్పుడు పక్కకు ఒరుగుతుంది. మీద మందపు గోనె గుడ్డ, దాని మీద కొబ్బరి పీచు.

ఆ పాత పీచు పారేయకండి. విడదీసి, దులిపి, రెండు రోజులు ఎండలో పెడితే చాలావరకు తిరిగి వాడుకోవచ్చు. కొత్త స్పాంజి కన్నా ఎక్కువ కాలం ఆగుతుంది. దాని మీద అంగుళం స్పాంజి, దూది, తెల్ల మార్కిన్ (ముతక నూలు) గుడ్డ. ఆ తెల్ల గుడ్డ దండగని కొందరు మానేస్తారు. మేం మానం. మడతలూ గుంతలూ దాని మీదే సరిచేసుకుంటే ఖరీదైన గుడ్డను ఒక్కసారే బిగించొచ్చు.

పాత టేకు చట్రానికి చేతి స్టేప్లర్ గన్‌తో పిన్ను పూర్తిగా దిగదు, సగం పైకే ఉంటుంది. సుత్తితో దించండి, లేదా మేకులే వాడండి. పిన్ను కాళ్లు 8 నుంచి 10 మి.మీ. ఉంటే చాలు, ఇంకా పొడవైతే చేతి గన్‌కు బలం చాలక వంగుతాయి. కుట్టు పని ఇంటి మిషను మీద అవుతుంది: 16 లేదా 18 నంబరు సూది, పాలియెస్టర్ దారం, అంగుళానికి ఎనిమిది కుట్లు. పైపింగ్ (అంచు వెంట తాడు పెట్టి కుట్టే పట్టీ) ఉన్న చోట గుడ్డ నాలుగు పొరలవుతుంది. అక్కడ చక్రం చేత్తో తిప్పండి, మోటారుతో తోస్తే సూది విరుగుతుంది. పైపింగ్ పట్టీ ఐమూలగా కత్తిరించకపోతే వంపుల దగ్గర ముడతలు పడుతుంది.

రెగ్జిన్ కుర్చీ మూడేళ్లకే పొలుసులు పొలుసులుగా రాలుతోంది. అతికించే మందేమైనా ఉందా? – విశాఖపట్నం

లేదు. రాలేది పీయూ పొర. గాలిలోని తేమ దాన్ని లోలోపలే విడగొడుతుంది, సముద్రపు ఊళ్లలో ఇంకా త్వరగా. పైన ఏ రంగు పూసినా ఆ పొరతో పాటే ఊడుతుంది. పీవీసీ రెగ్జిన్ తేమకు ఆగుతుంది కానీ, ఏళ్ల తరవాత మెత్తదనం పోయి పగుళ్లు వస్తాయి, చెమట, తలనూనె తగిలే చోట ముందుగా. మీ ఊరికి మా సలహా గుడ్డే. రోజూ వాడే కుర్చీకి మార్టిండేల్ రాపిడి పరీక్షలో 20,000 పైన ఉన్నది అడగండి, నమూనా పుస్తకం వెనక ఆ అంకె రాసి ఉంటుంది. తల ఆనే చోట విప్పి ఉతుక్కునే తుండు ఒకటి పరుచుకుంటే ఇంకా మంచిది. పెద్దవాళ్లు పడక కుర్చీ మీద తుండు పరిచేది అలంకారానికి కాదు.

చేనేత గుడ్డ వేయొచ్చా? పెడన కలంకారీ, పోచంపల్లి ఇక్కత్ చూశాను. – వరంగల్

రెండూ బట్టలకు నేసినవి, పలచన. కలంకారీ నేరుగా సీటుకు వేస్తే అంచుల దగ్గర ముందు చిరుగుతుంది. వీపుకూ, దిండ్లకూ బాగుంటుంది. సీటుకే కావాలంటే వెనక మందపు నూలు గుడ్డ జతచేసి కుట్టించండి. ముందుగా ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. ముంచినప్పుడు రంగు దిగితే, చెమట పట్టిన రోజున తెల్ల చొక్కాకు అంటుకుంటుంది. ఇక్కత్‌ది పన్నా సమస్య. చీర పన్నా 54 అంగుళాలు ఉండదు కాబట్టి పైన చెప్పిన లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాలి.

అయినా మీ ఊళ్లోనే ఉంది సరైన గుడ్డ. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గట్టి నూలు నేత కాబట్టి సీటుకు బాగా ఆగుతుంది. చిక్కు ఒక్కటే, మందం. కత్తిరించిన అంచు వెంటనే ఊడిపోతుంది కాబట్టి కత్తిరించే గీతకు రెండు వైపులా ముందే మిషను కుట్టు వేయండి. మూలల్లో మడత పెట్టకండి, కోసి కలిపి కుట్టండి. చట్రంలో దిగే సీటైతే చుట్టూ పలకను రెండు మూడు మి.మీ. చిత్రిక పట్టించండి. మందపు గుడ్డతో సీటును బలవంతంగా చట్రంలోకి గుద్దితే మూల అతుకులు విచ్చుకుంటాయి, మంచి కుర్చీలు పాడయ్యేది చాలాసార్లు అలాగే.

గుడ్డ మార్చకుండా గుడ్డ మీదే రంగు వేసే పద్ధతి చూశాను. నిలుస్తుందా? – తిరుపతి

నిలుస్తుంది, కానీ కుర్చీలో కూర్చోనంతవరకు. అక్రిలిక్ రంగులో గుడ్డకు కలిపే మీడియం వేసి, గుడ్డను నీళ్లతో తడిపి, పలచని పూతలు మూడు నాలుగు వేస్తూ, నడుమ నడుమ సన్నని కాగితంతో రుద్దుతారు. నున్నని నేత గుడ్డకైతే పడుతుంది, మఖమల్‌కు పనికిరాదు, నూగు ముళ్లలా నిలబడుతుంది. చేతికి అట్టలా తగులుతుంది. మన ఎండకు చెమట పీల్చదు. నాటకం సెట్టుకో, ఫొటోకో సరే.

కుర్చీ కింద రోజూ మెత్తని పిండి రాలుతోంది. గుడ్డ మార్చే ముందు ఏమైనా చేయాలా? – కరీంనగర్

అదే ముందు చేయాలి. చిన్న గుండ్రని బెజ్జాలు, కింద మెత్తని పిండి ఉంటే చెక్క పురుగు. మట్టి గీతలు ఉంటే చెదలు. టేకు చేవను పురుగు సాధారణంగా ముట్టదు, పక్కనున్న తెల్లచెక్కను తింటుంది. గుడ్డ కింద చట్రానికి వడ్రంగులు వాడేది తరచూ ఆ తెల్లచెక్కే. గుడ్డంతా తీసి, చెక్కకు వాడే పురుగుమందు ద్రావణాన్ని ఇంజెక్షన్ సిరంజితో ఒక్కో బెజ్జంలోకీ ఎక్కించండి, చేతికి తొడుగు వేసుకుని, ఆరుబయట. మొత్తానికి రెండు పూతలు కూడా పూసి, పాలిథీన్‌లో చుట్టి వారం ఉంచండి. తరవాత బెజ్జాలను మైనంతో మూసి, కింద నల్ల కాగితం పరచండి. నెల రోజుల్లో కొత్త పిండి పడితే మళ్లీ చేయాలి. స్క్రూడ్రైవరు గుచ్చితే సులువుగా దిగిపోయే ముక్క ఉంటే దాన్ని మార్చేయడమే.

వానాకాలంలో పాలిష్ వేయొచ్చా? – కాకినాడ

ఎన్.సి. లాకరైతే వద్దు. థిన్నర్ ఎగిరేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమను పట్టుకుంటుంది, పూత పాల పొరలా తెల్లబడుతుంది. తెరిపి ఇచ్చిన రోజు మధ్యాహ్నం వేయండి. రోహిణి కార్తె ఎండా మంచిది కాదు, పైపొర ముందే గట్టిపడి బ్రష్ గీతలు అలాగే ఉండిపోతాయి. నీడలో వేయండి.

రోడ్డు పక్కన వదిలేసిన పెద్ద వింగ్ కుర్చీ (వీపుకు రెండు పక్కలా రెక్కలుండేది) తెచ్చుకున్నాను. మనవాళ్లు వద్దంటున్నారు. – ఎడిసన్, న్యూజెర్సీ

వద్దనడంలో అర్థముంది. నల్లులు ఉండేది గుడ్డ మీద కాదు, అడుగు నల్ల గుడ్డ లోపలా, పైపింగ్ కుట్ల వెంటా. ఇంట్లోకి తేకముందే గరాజ్‌లో అడుగు గుడ్డ విప్పి, టార్చితో మిరియపు పొడిలాంటి నల్ల చుక్కల కోసం చూడండి. కనిపిస్తే అక్కడే వదిలేయండి. కట్టెకు రంగుంటే, అమెరికాలో ఇంటి రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకు ముందరి కుర్చీ అయితే తడిపి రుద్దడమే. లోపలి పాత స్పాంజిని ఉంచుకోకండి. పాత వాటిలో మంటలను ఆపే రసాయనాలు ఎక్కువగా ఉండేవి, స్పాంజి పొడి అయ్యేటప్పుడు అవి దుమ్ములో కలుస్తాయి. చట్రం గట్టిదైతే దానికొక్కదానికే విలువ కట్టండి. వింగ్ కుర్చీకి గుడ్డ ఆరు గజాల పైనే పడుతుంది, మొదటి ప్రయత్నం దీనితో చేయకండి.

పని బయట ఇచ్చేస్తే కుషన్ వర్క్స్ వాళ్లకు ఏం చెప్పాలి? – మదనపల్లె

నవారు మార్చడం, తాళ్లు మళ్లీ కట్టడం, అడుగు నల్ల గుడ్డ, తెల్ల మార్కిన్ గుడ్డ, ఇవన్నీ లెక్కలో ఉన్నాయో లేవో విడివిడిగా అడిగి చీటీ మీద రాయించుకోండి. ‘మొత్తం కలిపి ఇంత’ అన్న చోట వదిలేసేవి ఇవే. పాత గుడ్డ మీదే కొత్తది కొట్టేయొద్దని గట్టిగా చెప్పండి. రంగు వాళ్లు వేరైతే వాళ్ల పని అయిన వారం తరవాతే కుర్చీ కుషన్ కొట్టుకు చేరాలి. గుడ్డ బిగించే రోజున ఒకసారి వెళ్లి రండి. స్పాంజి ముక్కను మీ ముందే కాటాలో పెట్టమనండి.